చిన్న సవరణ విలువ: ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ చెప్పే విమర్శ పాఠం

1. ప్రస్తావన

కవిత, కథ, వ్యాసం వంటి రచనలను ఏ కొలమానాలతో పరిశీలించాలో గత పాఠాల్లో చదివారు. ఈ పాఠంలో సాహిత్యం కాని ఒక రచనను అదే శ్రద్ధతో చూద్దాం. అది ఒక్కోసారి ఒక్క వాక్యమే ఉంటుంది, ఒక్కోసారి ఒక్క అక్షరమే. కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనూ, వాటిని వివరించే పత్రాల్లోనూ దొర్లిన తప్పులను సరిచేస్తూ వాడుకదారులు పంపే చిన్న సవరణ అది.

దీనికి కూడా విమర్శ కావాలా అని మీకు సందేహం కలగవచ్చు. ఒక సన్నివేశం ఊహించుకోండి. హైదరాబాద్‌లో తార్నాకకు దగ్గరగా, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్. నలుగురు పంచుకున్న అద్దె గది. ఒకరు గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నారు. పగలంతా ఏదో పని చేసుకుని వచ్చి, రాత్రిపూట దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న మరొకరు ఫోన్‌లో కోడింగ్ వీడియో చూస్తున్నారు. పేరున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మీ పేరు కనిపిస్తే ఉద్యోగాలిచ్చేవాళ్ల కంట్లో పడతారని, అదంతా ఐదు నిమిషాల పనేనని ఆ వీడియో చెబుతోంది. చెప్పినట్టే చేసుకుంటూ పోతే చివర ఒక ఆకుపచ్చ బటన్ వస్తుంది. నొక్కాలా, వద్దా?

ఆ గది మీది కావచ్చు. వరంగల్‌లోనో, కర్నూలులోనో ఇలాంటి గది ఇంకొకటి ఉండవచ్చు. ఆ బటన్ నొక్కేముందు వేసుకోవలసిన ప్రశ్న నిజానికి విమర్శకు సంబంధించినదే: నేను పంపబోతున్న ఈ వాక్యం ఎవరి కోసం? ఈ పాఠం పూర్తయ్యేసరికి ఈ ప్రశ్నకు మీరు సొంతంగా జవాబు చెప్పుకోగలగాలి. ఒక సవరణ మంచిదో కాదో కారణాలతో నిర్ణయించగలగాలి.

2. మనం పరిశీలించే రచన

వెబ్‌సైట్ తయారు చేసే ప్రతిసారీ అన్నిటినీ మొదటి నుంచి రాసుకోనక్కర లేకుండా, అందరికీ అవసరమయ్యే పనులను ముందే రాసిపెట్టిన కోడ్‌ను వెబ్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఏ చిరునామా అడిగితే ఏ పేజీ పంపాలి, ఫారంలో నింపిన వివరాలను ఎలా అందుకోవాలి, తప్పు జరిగితే ఏం చెప్పాలి వంటి పనులు అందులో ఉంటాయి. మనం ఉదాహరణగా తీసుకుంటున్న ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపించే నోడ్ జేఎస్ 2009లో వచ్చింది. దాని మీద పనిచేసేలా టీజే హోలోవేచుక్ 2010లో ఎక్స్‌ప్రెస్‌ను రాశారు. ఇప్పుడు దాన్ని ఓపెన్ జేఎస్ ఫౌండేషన్ నీడన కొందరు నిర్వాహకులు చూసుకుంటున్నారు. వారానికి కోటికి పైగా డౌన్‌లోడ్లు ఉన్న ఈ కోడ్‌ను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

కోడ్‌తో పాటు రెండు రకాల పత్రాలు ఉంటాయి. ప్రాజెక్టును పరిచయం చేసే మొదటి పేజీని రీడ్‌మీ అంటారు. ఏ ఆజ్ఞ ఏం చేస్తుందో వివరించే పత్రాలను డాక్యుమెంటేషన్ అంటారు. వీటిలో ఎక్కడైనా తప్పు కనిపిస్తే, దిద్దిన ప్రతిని నిర్వాహకుల ముందు పెట్టి "ఇది తీసుకోండి" అని అడగవచ్చు. ఆ విన్నపమే పుల్ రిక్వెస్ట్.

పాత తెలుగు పుస్తకాల్లో తప్పొప్పుల పట్టిక చూసే ఉంటారు. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గళ్లు ఉండేవి. శ్రద్ధగల పాఠకుడు ఆ పట్టిక చూసి, కలంతో తన ప్రతిని దిద్దుకుని, ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టేవాడు. ఆ దిద్దుబాటు ఆ ఒక్క ప్రతికే పరిమితం. పుల్ రిక్వెస్ట్ ద్వారా పాఠకుడు చేసిన దిద్దుబాటు అందరి ప్రతుల్లోకీ వెళ్లగలదు. అందుకే దాని విలువ పెరిగింది. దానితోపాటు దాని మీద ఆశ కూడా పెరిగింది.

పుల్ రిక్వెస్ట్‌ను ఒక రచనగా చూస్తే అందులో మూడు భాగాలు కనిపిస్తాయి. మొదటిది శీర్షిక. రెండవది మార్పు, అంటే తీసేసిన పంక్తులు, చేర్చిన పంక్తులు. మూడవది కారణం చెప్పే వివరణ. విమర్శకులుగా మీరు ఈ మూడింటినీ కలిపి చదవాలి. మార్పు ఒక్క అక్షరమే అయినా వివరణలో దాని వెనుక జరిగిన చదువంతా కనిపించవచ్చు. మార్పు పది పంక్తులున్నా వివరణ ఖాళీగా ఉంటే దాని వెనుక చదువు జరిగిందో లేదో తెలియదు.

3. సకాలంలో దిద్దని ఒక్క అక్షరం

చిన్న తప్పును వదిలేస్తే ఏమవుతుందో చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ వెబ్ పునాదుల్లోనే ఉంది. ఒక పేజీలోని లింకు నొక్కి మరో పేజీకి వెళితే, ఎక్కడి నుంచి వచ్చారో బ్రౌజర్ ఆ రెండో పేజీకి చెబుతుంది. ఆ సమాచారం ఉండే పంక్తి పేరు రెఫరర్. ఇంగ్లీషు వర్ణక్రమం ప్రకారం ఆ మాట మధ్యలో రెండు 'ఆర్' అక్షరాలు పక్కపక్కన ఉండాలి. తొలి ప్రతిపాదనలో ఒక్కటే పడింది. 1996 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 1945 పేరుతో హెచ్‌టీటీపీ 1.0 పత్రం వెలువడినప్పుడు ఆ తప్పు అలాగే అచ్చులోకి వెళ్లింది. అప్పటికే బ్రౌజర్లు, సర్వర్లు ఆ తప్పు పేరుతోనే మాట్లాడుకుంటున్నాయి. ఇక దిద్దితే అవి ఒకదాన్నొకటి అర్థం చేసుకోలేవు. అలా తప్పే ప్రమాణమైంది.

కథ అక్కడితో ఆగలేదు. తర్వాతి కాలంలో వచ్చిన రెఫరర్ పాలసీ అనే మరో పంక్తికి సరైన వర్ణక్రమమే వాడారు. కాబట్టి నేడు వెబ్ మీద తప్పు, ఒప్పు రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఎక్స్‌ప్రెస్ కోడ్ తెరిచి చూడండి. ఆ పంక్తి విలువను అడిగినప్పుడు రెండు వర్ణక్రమాల్లో ఏది రాసినా ఒకే జవాబు వచ్చేలా ప్రత్యేకంగా కొన్ని పంక్తులు రాసి ఉంటాయి. ఎప్పుడో జారిపోయిన ఒక్క అక్షరానికి ఒక ఫ్రేమ్‌వర్క్ నేటికీ మూల్యం చెల్లిస్తోంది.

దీని నుంచి మనం తీసుకోవలసిన విమర్శ సూత్రం: సవరణ విలువ దాని పరిమాణంలో లేదు. ఆ తప్పు ఎంతమంది దారికి అడ్డు వస్తుందనే దానిలో, దాన్ని ఏ దశలో పట్టుకున్నారనే దానిలో ఉంది.

4. ఒక సవరణకు మరో సవరణ

ఇప్పుడు కోడ్‌లో జరిగిన ఒక సవరణను చూద్దాం. వెబ్‌సైట్ కొన్నిసార్లు మిమ్మల్ని మరో చిరునామాకు పంపుతుంది. లాగిన్ అయ్యాక మీ పేజీకి తీసుకువెళ్లడం ఇలాంటిదే. మోసగాళ్ల సైటుకు పంపకుండా, అనుమతించిన చిరునామాల జాబితాతో సరిపోల్చుకుని పంపడం మంచి పద్ధతి. ఎక్స్‌ప్రెస్ ఆ చిరునామాను బ్రౌజర్‌కు అందించే ముందు దాని రూపాన్ని కొద్దిగా మార్చేది. చిరునామా వంకరగా రాసి ఉంటే, జాబితాతో సరిపోల్చినప్పుడు ఒక అర్థం, బ్రౌజర్ చేతికి వెళ్లాక మరో అర్థం వచ్చే ప్రమాదం ఉంది. గేటు దగ్గర చూపిన గుర్తింపు కార్డు ఒకటి, లోపలికి వెళ్లిన మనిషి మరొకరు అన్నమాట.

దీన్ని సరిచేస్తూ 2024 మార్చిలో 4.19.0 సంచిక వచ్చింది. ఆ దిద్దుబాటు చిరునామా అక్షరాల రూపంలోనే ఉంటుందని అనుకుని రాసినది. అలా కాని విలువలు ఇచ్చేవారి ప్రోగ్రాములకు ఇబ్బంది కలగడంతో, వాటినీ అంగీకరిస్తూ 4.19.1 వచ్చింది. మొదటి దిద్దుబాటునే మరింత మెరుగుపరుస్తూ 4.19.2 వచ్చింది. ఇదంతా కొద్ది రోజుల్లోనే జరిగింది. భద్రతా లోపాల జాబితాలో ఇది సీవీఈ-2024-29041గా నమోదైంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, కొద్ది పంక్తుల మార్పు కూడా లోతైన చదువును కోరుతుంది. రెండవది, దిద్దినవారు కూడా తప్పు చేయవచ్చు. తమ దిద్దుబాటును తామే మళ్లీ దిద్దుకోవడం వారికి చిన్నతనం కాలేదు. ఏ సంచికలో ఏం మార్చారో ఒక్కొక్క వాక్యంలో మార్పుల చరిత్రలో రాసిపెట్టారు. విమర్శకుడు మెచ్చుకోవలసిన నిజాయితీ ఇది.

5. చదవకుండా పంపిన సవరణలు

అదే 2024 సంవత్సరం ఆరంభంలో అదే ఎక్స్‌ప్రెస్‌కు మరో అనుభవం ఎదురైంది. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చూపిస్తూ ఒక హిందీ శిక్షణ వీడియో ఈ ప్రాజెక్టును ఉదాహరణగా వాడింది. చూసిన విద్యార్థులు ఉదాహరణను ఉదాహరణగా తీసుకోలేదు. రీడ్‌మీలో తమ పేరు చేర్చి, ఒక పొడి మాట రాసి వందల సంఖ్యలో పంపారు. నిర్వాహకులు వాటిని ఒక్కొక్కటిగా మూసివేయవలసి వచ్చింది.

ఇది మొదటిసారి కాదు. డిజిటల్ ఓషన్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ నిర్వహిస్తోంది. నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టు ఇచ్చే పద్ధతి ఉన్న 2020లో, పత్రాల్లో అర్థం లేని విశేషణాలు చేర్చిన సవరణలు ప్రాజెక్టుల మీద వెల్లువెత్తాయి. కార్యక్రమం మొదలైన కొద్ది రోజులకే నిర్వాహకులు నిబంధన మార్చి, తాము పాల్గొంటామని ముందుగా ప్రకటించిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు.

ఈ సవరణలను ఎలా అంచనా వేయాలి? ముందు వాటి తరఫు వాదన విందాం. అది తేలికగా కొట్టిపారేసేది కాదు. మొదటిసారి నీళ్లలో దిగేవాడు చేతులు కాళ్లు ఎలాగో ఒకలా ఆడిస్తాడు. కాలేజీ పేరు, పరిచయాలు, ఇంగ్లీషు లేని విద్యార్థికి తన పని పది మందికి చూపించే దారులు తక్కువ. ఓపెన్ సోర్స్ తలుపు దగ్గర ఎవరూ మార్కుల జాబితా అడగరు. ఆ తలుపు తట్టడమే తప్పా?

తట్టడం తప్పు కాదు. లోపలివారితో చెప్పవలసిన మాట లేకుండా తట్టడంలోనే లోపం ఉంది. రీడ్‌మీలో చేరిన పేరు ఏ పాఠకుడికీ ఏమీ చెప్పదు. ఎక్స్‌ప్రెస్ వాడాలని వచ్చినవాడికి అది అడ్డు మాత్రమే. దానికి ఉన్న ఒకే పాఠకుడు దాన్ని పంపినవాడే. తట్టడం నేర్చుకోవడానికి వేరే చోటు కూడా ఉంది. మీ సొంత ఖాతాలో ఒక రిపాజిటరీ తెరిచి, గదిలోని స్నేహితుడితో కలిసి ఎన్నిసార్లయినా పుల్ రిక్వెస్ట్ సాధన చేయవచ్చు. దానికి ఎవరి సమయమూ ఖర్చు కాదు.

అయితే విమర్శ విద్యార్థి దగ్గరే ఆగితే అది సగం విమర్శే అవుతుంది. చేయడం చూపి, ఎందుకు చేయాలో చెప్పని బోధనకు ఇందులో వాటా ఉంది. అభ్యర్థి పేజీలో ఆకుపచ్చ గళ్లు లెక్కపెట్టి, వాటి వెనుక పనిని చదవని నియామక పద్ధతికీ వాటా ఉంది. ఈ వెల్లువ తర్వాత భారతీయ విద్యార్థులంతా ఇంతేనన్న మాట కూడా వినిపించింది. అది అన్యాయమైన సామాన్యీకరణ. కానీ ఆ మాటకు నష్టపోయేది ఎవరో ఆలోచించండి. వారం రోజులు కూర్చుని నిజమైన తప్పు పట్టుకుని, రేపు అదే తలుపు తట్టబోయే మాణికేశ్వర్ నగర్ విద్యార్థి. అతని సవరణను తెరవకముందే అనుమానంగా చూసే పరిస్థితిని అతనికి ముందు వెళ్లినవారు తయారుచేశారు.

6. తడబడే పాఠకుడి బలం

మరి మీవంటి విద్యార్థి దగ్గర ఇవ్వడానికి ఏముంది? తడబాటు ఉంది. ఈ మాట ఎగతాళికి అనడం లేదు. ఒక ఉదాహరణతో చూద్దాం.

ఎక్స్‌ప్రెస్‌లో ఒక ఫైలును బ్రౌజర్‌కు పంపే ఆజ్ఞ పేరు సెండ్‌ఫైల్. పూర్వం దీన్ని అన్నీ చిన్న అక్షరాలతో రాసే రూపం కూడా పనిచేసేది. 2024లో వెలువడిన ఎక్స్‌ప్రెస్ 5లో ఆ రూపాన్ని తొలగించారు. ఇప్పుడు 'ఫైల్' అనే భాగంలోని మొదటి 'ఎఫ్' పెద్ద అక్షరంగా ఉండాలి. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన కన్ను ఆ తేడాను సులువుగా దాటిపోతుంది. పాత పుస్తకం చూసి చిన్న 'ఎఫ్' రాస్తారు, ప్రోగ్రాము నడవదు, ఒక గంట పోతుంది. ఇంగ్లీషులో ఆరితేరినవాడు ఈ గుంటలో పడడు కాబట్టి అక్కడ హెచ్చరిక పెట్టాలని అతనికి తోచదు. పడినవారికే ఆ చోటు తెలుస్తుంది.

మీరు పడిన చోట ఆగి, ఎందుకు పడ్డారో రాసుకుంటే అదే సవరణకు ముడిసరుకు. ఏ పాఠ్యపుస్తకంలో, ఏ పత్రంలో పాత రూపం మిగిలి ఉందో వెతకండి. అది సజీవంగా నిర్వహిస్తున్న పత్రమైతే సవరణ పంపండి. అధికారిక పత్రంలో ఇప్పటికే సరిచేసి ఉంటే, పంపకండి. పంపకూడదని తెలుసుకోవడం కూడా విమర్శలో భాగమే.

ఈ ప్రాంగణానికి ఇలాంటి చర్చ కొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. అందుకు ముందే, 1917లో, ఆధునిక శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి అనువాద విభాగం మొదలైంది. విషయం తెలిసినవారు, భాష తెలిసినవారు కలిసి కూర్చుని ఒక్కొక్క పారిభాషిక పదాన్నీ తేల్చుకున్నారు. చదువు విద్యార్థి దగ్గరకు రావాలంటే, అతను ఎక్కడ ఆగిపోతాడో ముందు ఎవరో చూడాలి. నేటి డాక్యుమెంటేషన్‌కు కూడా అలా చూసేవారు కావాలి.

7. సవరణను పరీక్షించే నాలుగు ప్రశ్నలు

ఇంతవరకు చేసిన పరిశీలన నుంచి నాలుగు ప్రశ్నలు రూపొందించుకుందాం. ఎవరి సవరణనైనా, ముఖ్యంగా మీ సవరణను, వీటితో పరీక్షించండి.

(అ) ఈ తప్పు మీకు ఎదురైందా? వాడుతుండగా తగిలిన తప్పుకూ, పంపడం కోసం వెతికిన తప్పుకూ తేడా ఉంటుంది. వెతికినది కూడా నిజమైన తప్పే కావచ్చు. కానీ తగిలినదాన్ని మీరు వివరించగలరు.

(ఆ) ఆధారం చూపారా? ఏ సంచికలో, ఏ ఆజ్ఞ ఇస్తే, ఏం రావాలి, ఏం వచ్చింది అన్న నాలుగు సంగతులూ ఉండాలి.

(ఇ) ఇది దోషమా, మీ ఇష్టమా? వాక్యం మీకు నచ్చిన తీరులో లేకపోవడం దోషం కాదు. అర్థం మారిపోతే, పాఠకుడు తప్పుదారి పడితే అది దోషం. తెలుగు పద్యాన్ని పరిష్కరించేవారు కూడా తమకు నచ్చిన పాఠాన్ని కాక, ప్రతుల ఆధారం ఉన్న పాఠాన్నే తీసుకోవాలి.

(ఈ) అవసరమైనంతే మార్చారా? ఒక అక్షరం దిద్దడానికి వచ్చి పేజీ అంతా సర్దితే, ఏది దిద్దుబాటో ఏది సర్దుబాటో నిర్వాహకుడు విడదీయలేడు.

రెండు నమూనాలను పోల్చి చూడండి. ఇవి ఈ పాఠం కోసం తయారుచేసినవి.

మొదటి నమూనా: "రీడ్‌మీ మార్చాను. దయచేసి తీసుకోగలరు."

రెండవ నమూనా: "ఎక్స్‌ప్రెస్ 5 వాడుతున్నాను. ఈ పేజీలోని మూడో ఉదాహరణలో సెండ్‌ఫైల్ చిన్న 'ఎఫ్'తో ఉంది. అలాగే రాస్తే ఆ ఆజ్ఞ లేదని దోషం వస్తోంది. పెద్ద 'ఎఫ్'గా మార్చి నడిపి చూశాను, పనిచేసింది. మరేదీ మార్చలేదు."

మొదటిదానిలో మర్యాద ఉంది, విషయం లేదు. దాన్ని చదివినవాడు మార్పును తానే వెతుక్కోవాలి, కారణాన్ని తానే ఊహించుకోవాలి. రెండవదానిలో అలంకారం లేదు. చదివినవాడు ఒక నిమిషంలో సరిచూసుకుని తీసుకోగలడు. ఇంగ్లీషులో రాయవలసి వచ్చినా ఇలాంటి చిన్న, సూటి వాక్యాలే చాలు. తప్పుల్లేని ఇంగ్లీషు కన్నా తప్పుదారి పట్టించని సమాచారం ముఖ్యం.

8. సారాంశం

చిన్న సవరణ కూడా ఒక రచనే. దానికి శీర్షిక, మార్పు, వివరణ అనే మూడు భాగాలుంటాయి. రెఫరర్ కథ సకాలంలో దిద్దని అక్షరం ఎంత దూరం వస్తుందో చూపింది. ఎక్స్‌ప్రెస్ 4.19 సంచికలు చిన్న మార్పు వెనుక ఉండవలసిన చదువునూ, తన తప్పును తాను ఒప్పుకునే నిజాయితీనీ చూపాయి. 2020, 2024 వెల్లువలు పాఠకుడు లేని సవరణ ఇతరుల సమయాన్ని తిని, రాబోయేవారి దారిని మూస్తుందని చూపాయి.

ఇప్పుడు మళ్లీ ఆ గదిలోకి వెళదాం. బటన్ ఇంకా తెర మీదే ఉంది. మీ పేరు తప్ప మరేమీ చేర్చకపోతే, కిటికీ మూసేసి ఒక చిన్న ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టండి. అది ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో వెతకండి. తప్పు మీదే అయితే ఒక పాఠం నేర్చుకున్నట్టే. పత్రంలో ఉంటే, ఆ బటన్ నొక్కడానికి మీకు ఒక కారణం దొరికినట్టే.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) పుల్ రిక్వెస్ట్‌లోని మూడు భాగాలను పేర్కొని, విమర్శకుడు వాటిని కలిపి ఎందుకు చదవాలో వివరించండి.

2) "సవరణ విలువ దాని పరిమాణంలో లేదు." రెఫరర్ ఉదాహరణతో చర్చించండి.

3) 2024లో ఎక్స్‌ప్రెస్‌కు వచ్చిన సవరణల విషయంలో విద్యార్థి, బోధకుడు, ఉద్యోగమిచ్చేవారు — ఈ ముగ్గురి బాధ్యతను అంచనా వేయండి. ఈ పాఠ్య రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోతే కారణాలు రాయండి.

4) ఆచరణ: ఈ పాఠ్యపుస్తకంలోనే మీకు కనిపించిన ఒక అచ్చుతప్పునో, అస్పష్టమైన వాక్యాన్నో తీసుకుని, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలతో పరీక్షించి, ఐదు వాక్యాలు మించకుండా సవరణ రాయండి. దాన్ని మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌కు అందజేయండి.